మునిలక్ష్మి కట్ట

“గండి కొట్టాల్సిందే. జేసీబీ వస్తోంది,” అన్నాడు యోగానంద. ఐరాలకు కొత్తగా బదిలీ అయి వచ్చిన నీటిపారుదల ఇంజనీరు ఆయన.

మూడు రోజుల తుపాను వానకు కుంట అంచుదాకా నిండింది. మట్టికట్టకు వెలుపల, అడుగున, చెంబు పట్టేంత బొక్కలోంచి ఎర్రటి బురదనీళ్లు చిమ్ముతున్నాయి.

“గండి కొడితే నీళ్లన్నీ వంకలో పోతాయి సార్. వరి పొట్ట మీదుండాది. ఇంకా నాలుగు తడులు కావల్ల. ఒక్క గంట ఇయ్యి,” అంది మునిలక్ష్మి. కుంట ఆమెది. ఆమె, మొగుడు కలిసి సొంతంగా కట్టుకున్న కట్ట. ప్రభుత్వం తట్టెడు మట్టి వేసింది లేదు.

“కట్ట దానంతటది తెగితే కాణిపాకం రోడ్డు కొట్టుకుపోతుంది. బాధ్యత ఎవరిది?”

“నాదే. రాసిస్తా.”

యోగానంద ఫోన్ చేసి రోడ్డు మీద బండ్లు ఆపించాడు. “గంట. నిమిషం ఎక్కువ లేదు.”

ఆమె చెంగు నడుముకు దోపింది. “ఎండ్రకాయ తవ్విన బొక్క ఇది. దీని నోరు నీళ్ల లోపలుండాది. రేయ్ చిన్నబ్బా, గడ్డి కుక్కిన గోతాము తీసుకోని దిగు! మునిచంద్రా, యాడ సూస్తా ఉండావు? బంకమట్టి తే!”

పదిహేను మంది రైతులు మారుమాట లేకుండా ఉరికారు. యోగానందకు ఒళ్లు మండింది. బంకమట్టి తట్ట నెత్తిన పెట్టుకుని వస్తున్న మునిచంద్రను ఆపాడు.

“ఏమయ్యా, ఆమె పంట కోసం ఊరంతా వెట్టి చేయాలా? ఈ కాలంలో కూడానా?”

“దోవ ఇడు సార్, బరువుగా ఉండాది.”

చిన్నబ్బ మునిగాడు. లేచాడు. మళ్లీ మునిగాడు.

“దొరికిందా రా?”

“దొరికిందక్కా! కాలు లోపలికి లాగతా ఉండాది!”

“కాలు తీసి గోతాము తొయ్యిరా! నీ కాలుతోనే పూడుస్తావా?”

జనం పగలబడి నవ్వారు. ఇంజనీరు నవ్వలేదు. జేసీబీ వచ్చి కట్ట మొదట్లో నిలబడింది.

గోతాము మీద గోతాము, దాని మీద బంకమట్టి పడింది. వెలుపల చిమ్మే నీళ్లు సన్నబడ్డాయి. ఎరుపు తగ్గింది. యాభై నిమిషాలకు చుక్కలే మిగిలాయి. యోగానంద దోసిట పట్టి చూశాడు. తేటగా ఉన్నాయి. జేసీబీని వెనక్కి పొమ్మన్నాడు.

చిన్నబ్బ వణుకుతూ గట్టెక్కాడు. ఎవరో టీ తెచ్చారు. మునిలక్ష్మి మొదటి గ్లాసు వాడికిచ్చి, రెండోది ఇంజనీరుకిచ్చింది.

“గెలిచారమ్మా,” అన్నాడాయన. “కానీ ఒక మాట. కట్ట మీదైతే కావచ్చు, ఈ మనుషులు మీ సొత్తు కాదు. మీ మళ్ల కోసం వాడు ప్రాణం పోగొట్టుకుని ఉంటే?”

రైతులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మునిలక్ష్మి హాయిగా నవ్వి కట్ట మీద కూలబడింది.

యోగానంద కాగితం తీశాడు. “నివేదిక రాయాలి. ఈ కట్ట కింద పారే మళ్లలో మీవెన్ని ఎకరాలు?”

“ఒక సెంటూ లేదు సార్, నా మూడెకరాలూ ఈ నీళ్ల అడుగునే ఉండాయి.”