వేన్నీళ్ల పెద్దమ్మ

"అట్ల ముడుసుకోకు బిడ్డా, ఇది పెట్టుకో."

సూర్యాపేట దవాఖానలో తన వంతు కోసం బెంచీ మీద కూర్చున్న సింధు ఉలిక్కిపడింది.

పక్కనున్న పెద్దావిడ ఫ్లాస్కులోని వేన్నీళ్లు రబ్బరు సంచిలో పోసి, తువ్వాల చుట్టి, అడగకుండానే ఆమె పొత్తికడుపు మీద పెట్టింది.

"నువ్వెవరు పెద్దమ్మా?"

"ముత్తమ్మను. మాది నడిగూడెం. గింత నొప్పిల నేనెవరైతేంది?"

సింధు కళ్లలో నీళ్లు తిరిగాయి. గింత నొప్పి! ఆ మాట కోసం ఆమె పదేళ్లుగా మొహం వాచి ఉంది.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ పని ఆమెది. నెలకు నాలుగు రోజులు మెలికలు తిరిగిపోతుంది. గర్భసంచి లోపల ఉండే పొరలాంటిది బయట పెరుగుతోందని, దాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారని డాక్టరమ్మ చెప్పింది. ఆ పేరు నోరు తిరగక, మొగుడు వీరేందర్ దానికి 'నఖరాలు' అని పేరు పెట్టుకున్నాడు.

పెళ్లికి ముందు అమ్మదీ అదే పాట. "ఆడపుట్టుక పుట్టినంక ఓర్సుకోవాలె. మాకు రాలేదా?"

తన నొప్పిని నమ్మే మనిషి ఒక్కరుంటే చాలు. అంతకు మించి సింధు ఏమీ కోరుకోలేదు.

మరుసటి నెల వెళితే అదే బెంచీ మీద ముత్తమ్మ. ఆపై నెలా ఉంది.

"పండేటప్పుడు పక్కకు తిరిగి మోకాళ్ల నడుమ దిండు పెట్టుకో. ఒళ్లు మంచిగున్న దినం పొద్దుగాల జర నడువు. నొప్పి ఎన్నడు లేసింది, ఎంతగనం ఉన్నది, క్యాలెండర్ల రాసిపెట్టు."

"గివన్ని చేస్తే పోతదా పెద్దమ్మా?"

"పోదు. జర తేలికైతది. గోళీలు మాత్రం నీ అంతట నువ్వు బంద్ చెయ్యకు."

క్యాలెండర్ చూసి డాక్టరమ్మ మెచ్చుకుంది, మందు మార్చింది. నొప్పి పోలేదు గాని, మిల్లుకు సెలవు పెట్టే రోజులు నాలుగు కాస్తా రెండయ్యాయి.

ఇన్ని తెలుసంటే ఈ నొప్పిలో పండిపోయిన మనిషే అనుకుంది సింధు. లోకంలో తనకొక తోడు దొరికిందని సంబరపడింది.

నాలుగో నెల, బెంచీ మీద ఉండగా ఫోన్ మోగింది. సింధు కట్ చేసింది.

"ఎవలు బిడ్డా?"

"మా అమ్మ. రెండేండ్ల సంది ఎత్తుత లేను. నొప్పికి పానం పోతుందంటే నాటకాలన్నది. ఇప్పుడు రోగం సంగతి తెల్సి ఏడుస్తున్నదంట."

"తెల్వక అన్నదేమో. ఒక్కసారి ఎత్తరాదు?"

"కన్నతల్లే నమ్మకుంటే ఇంకెవరు నమ్ముతరు? సచ్చేదాంక మాట్లాడ. నా నొప్పి నీకెరుక. ఆమె నీ అసొంటిదైతే ఎత్తుదును పెద్దమ్మా."

ముత్తమ్మ లేచి నిలబడింది. ఫ్లాస్కు సర్దుకుంది. "సంచి నీ దగ్గర్నే ఉండనియ్" అని సింధు తల నిమిరి వెళ్లిపోయింది. బస్సుకు వేళయిందేమో అనుకుంది సింధు.

ఐదో నెల బెంచీ ఖాళీగా ఉంది.

చెప్పాల్సింది ఎంతో ఉంది. మొన్న వీరేందర్ తనంతట తానే నీళ్లు కాచి తెచ్చి, "శాన నొస్తుందా?" అని అడిగాడు. ఆ ముచ్చట అందరికంటే ముందు ముత్తమ్మకే చెప్పాలని మిర్యాలగూడ నుంచి దారి పొడుగునా దాచుకుని వచ్చింది. తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూసింది. పిచ్చి మొహం, ఇన్ని నెలల్లో ఫోన్ నంబరైనా అడగలేదు.

చివరికి చీటీలు రాసే శ్రీలత దగ్గరికి వెళ్లింది.

"ముత్తమ్మ పెద్దమ్మ చీటీ సూసి జర నంబర్ చెప్తవా?"

"ఆమెకు చీటీ ఏడిదక్కా? ఆమె పేషెంట్ కాదు. గీ నొప్పి ఎట్లుంటదో జన్మల ఎరగదంట."

"మరి గివన్ని ఎట్ల తెలుసు?"

"డాక్టరమ్మను, వచ్చినోళ్లను అడిగి అడిగి నేర్సుకున్నది. డాక్టరమ్మ సూసే సోమారం సోమారం వచ్చి సాయంత్రం దాంక కూసునేది."

"ఎందుకు?"

శ్రీలత కలం కింద పెట్టింది.

"కడుపునొప్పని ఏడ్చిన బిడ్డను దొంగేషాలని ఈమెనే కొడితే, ఆ పిల్ల ఇల్లిడిసి పోయి ఆరేండ్లాయె, ఎప్పటికైనా ఈడికే వస్తదని ఎదురుసూసింది గని, పోయిన నెల నీ దగ్గర్నుంచి లేసి పోతా పోతా, 'ఇగ రాను, నా బిడ్డ ఏమంటదో తెలిసిపోయింది' అన్నదక్కా."