గిన్నెలో మిగిలిన పెరుగు

భర్త మునీంద్ర చనిపోయి మూడు నెలలైంది. పోయే ముందురోజు అతను తోడేసిన పెరుగుతోనే శివలీల రోజూ కొత్త పాలకు తోడేస్తూ వచ్చింది. ఆ వరస తెగకూడదని ఆమె పంతం.

ఇద్దరూ కలిసి ఇల్లులా మలుచుకున్న వ్యానులో ఇప్పుడు ఒక్కతే గండికోట దగ్గర ఆగింది. పగలంతా మబ్బు, సోలార్ బ్యాటరీ నిండలేదు. ఉన్న పాలు విరిగిపోయాయి. ఫ్రిజ్జులో మిగిలింది చిన్న గిన్నెడు పెరుగు. ఫ్రిజ్జు ఆగితే ఈ ఉక్కకు అదీ చెడిపోతుంది.

“ఫ్యాను ఆపేయ్. ఫ్రిజ్జు తెల్లారేదాకా వస్తాది” అనేవాడు మునీంద్ర. ఫ్యాను ఆపి, తలుపు గడియ పెట్టి, చెమటలోనే పడుకుంది.

నడిరాత్రి ఫ్రిజ్జు చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది. టార్చి వేసి ఫ్రిజ్జు తెరిచింది. గిన్నెలో పెరుగు వేలితో తీసుకుని తిన్నట్టు చారలు పడి ఉంది.

“మళ్లా ఏలు పెట్టినావా? తోడుకన్నా మిగిల్చినావా లేదా?” అలవాటుగా కసిరింది.

అన్నాక టార్చి తలుపు వైపు తిప్పింది. తలుపు గడియ వేసినట్టే ఉంది. గిన్నెలో ఒక పక్కన చెంచాడు పెరుగు మాత్రం ముట్టకుండా ఉంది.

టార్చి ఆర్పి, పాత మగ్గం చెక్కలతో అతను చేసిన మంచం మీద ఒక పక్కకు జరిగి పడుకుంది. కాసేపటికి రెండో పక్క చెక్క కిర్రుమంది.