ఎడమ చెయ్యి

విమానం ఇంజన్ మళ్ళీ ఆగిపోయింది. కంప్యూటర్ తెర మీద సూదులన్నీ కిందికి వాలాయి.

"ఇంక దిగు మామా," అన్నాడు అరుణ్ కుమార్.

"ఎక్కనే లేదు. యాడికి దిగేది?" అన్నాడు లాజరు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

పందెం ఆయన పెట్టిందే. పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయాడు. గిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్మింది. పక్కింటి నాగక్క ఫోన్ చేస్తే కూతురు స్తుతి, అల్లుడు అరుణ్ కుమార్ కడప నుంచి కారులో మంగంపేటకు వచ్చారు. ఆయనకు మతి తప్పుతోందని, ఇక ఒంటరిగా ఉంచేది లేదని, తమతో తీసుకుపోతామని అన్నారు. మతి తప్పినవాడు యుద్ధవిమానం నడుపుతాడా అని లాజరు అడిగాడు. కంప్యూటర్లో ఆయన రోజూ ఆడే ఆట అది. విమానం లేస్తే ఆయన ఇక్కడే ఉంటాడు. లేవకపోతే మారుమాట లేకుండా కారెక్కాలి.

అల్లుడు ఒక మెలిక పెట్టాడు. ఆయన ఇన్నాళ్ళూ నడిపింది ఇంజన్ తిరుగుతూ సిద్ధంగా ఉన్న విమానాన్ని. అది పిల్లలాట. చల్లారి నిలబడ్డ విమానాన్ని తనే స్టార్టు చేసి లేపాలన్నాడు.

అరుణ్ కుమార్ ఫోన్లో చూసి పద్ధతి మొదటి నుంచి చదివాడు. ఇంధనం తెరిచే ఉంది. వేగం పెంచే థ్రాటిల్ వెనక్కే ఉంది. స్టార్టరు తిరిగింది, మంట అందుకుంది, సూది లేచింది. అంతలోనే దీపాలారిపోయి అంతా చచ్చిపోయింది.

"కడపలో నీకేం తక్కువ చేస్తాం నాయనా?" అంది స్తుతి.

"నువ్వు బువ్వ కలిపి పెడితే తినేదానికి నేను చంటిపిల్లోన్నా?"

మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి అరుణ్ కుమార్ ఫోను చూడలేదు, మామ చేతులు చూశాడు. ఇంజన్ అందుకోగానే లాజరు ఎడమ చెయ్యి దానంతటదే జరిగి బ్యాటరీ ఆపే మీట నొక్కింది. అల్లుడు నవ్వాడు.

"నువ్వే ఆర్పుతాండావు మామా. ఏం చేస్తాండావో నీకే తెలీదు. ఇంతకన్నా ఏం కావల్ల?"

లాజరు తన చేతిని చూసుకున్నాడు. తను డంపరు లారీ నడిపిన ముగ్గురాయి గనిలో కాంట్రాక్టరు డంపర్లన్నిటికీ మంచి బ్యాటరీ ఒకటే ఉండేది. ఒక డంపరు స్టార్టవగానే దాన్ని ఊడబెరికి పక్కదానికి తగిలించేవాళ్ళు. డీజిల్ ఇంజన్ ఒకసారి తిరిగితే బ్యాటరీతో పనిలేదు. ఈ విమానానికి మాత్రం జనరేటరు అందుకునేదాకా బ్యాటరీ ఉండాలి. చెయ్యి ఇప్పటికీ అదే పని చేస్తోంది.

"ఇది మతిమరుపు కాదప్పా," అన్నాడు. "డంపరును మరిచిపోలేకనే ఇట్లయితాండాది."

ఎడమ చేతిని తొడ కింద పెట్టుకొని దాని మీదే కూర్చున్నాడు. కుడిచేత్తో మొదటి నుంచి అన్నీ చేసుకుంటూ వచ్చాడు. స్టార్టరు తిరిగింది. సూది లేచింది. తొడ కింద చెయ్యి కదిలింది. ఇంకా గట్టిగా అదిమి కూర్చుని జనరేటరు స్విచ్ వేశాడు. ఇంజన్ ఆగలేదు. అప్పుడు చెయ్యి బయటికి తీసి థ్రాటిల్ ముందుకు తోశాడు. రన్‌వే కిందికి జారిపోయింది. తెరంతా ఆకాశమే.

అరుణ్ కుమార్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. స్తుతి ముఖం తుడుచుకుంది. ఆదివారం ఆదివారం వచ్చి చూసి పోతానని, పొయ్యి దగ్గర జాగ్రత్తగా ఉండమని చెప్పి మొగుడి వెంట బయటికి నడిచింది.

వాళ్ళు కారు దగ్గరికి చేరేసరికి వెనక తాళం పడిన చప్పుడైంది. లాజరు వచ్చి, ముందు సీటు తలుపు తీసుకొని కూర్చున్నాడు.

"ఏంది నాయనా, నువ్వు గెలిస్తివి గదా?" అంది స్తుతి.

"గెలిచినాను గాబట్టే వస్తాండా. ఓడిపోయింటే నా పీనుగు గూడా ఈ కారెక్కేది కాదు."