ఇంకో పది రోజులు

భూమవ్వ కాలునొప్పి పోయి నెల దాటింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

రోజూ మధ్యాహ్నం రెండింటికి బీడీల చాట పక్కన పెట్టి, ఆర్మూర్ మార్కెట్ వెనక పసుపు వ్యాపారులు నడిపే ఉచిత ఫిజియోథెరపీ గదికి బయలుదేరుతుంది. గడప దగ్గరికి రాగానే గుర్తు తెచ్చుకుని కుంటడం మొదలెడుతుంది.

ఏం చేస్తుంది మరి! మొగుడు ముత్తెన్న మస్కట్‌లో. ఫోను శుక్రవారమే. మిగతా ఆరు రోజులు గోడలతో ఎంతకని మాట్లాడుతుంది? ఇక్కడైతే రోజారాణి మేడం పిక్కకు పట్టీలు అంటించి, కరెంటు పెట్టి, ఇరవై నిమిషాలు పక్కనే కూర్చుంటుంది. ఖమ్మం నుంచి కొత్తగా వచ్చి అద్దెగదిలో ఉంటోందామె. టిఫిను డబ్బా కూడా అప్పుడే విప్పుతుంది.

"ఇంకా తినలేదా మేడం?"

"నువ్వొచ్చినంకనే తింట అక్కా. ఏం కూర వండినవు ఇయ్యాల?"

బెండకాయ దగ్గర మొదలైన ముచ్చట ఎక్కడెక్కడికో పోతుంది. ఆ ఇరవై నిమిషాల కోసమే భూమవ్వకు తెల్లారుతుంది.

భయమల్లా పది రోజులకోసారి చేసే పరీక్షతోనే. బల్ల మీది ఇంకో మిషన్‌తో మడమ పక్కన చురుకు పెడతారు. నొప్పి ఉంటే కాలు దానంతటదే ఎగురుతుందట. ఎగరకపోతే నయమైనట్టు. రేపటి నుంచి రానక్కర్లేనట్టు.

మొదట్లో ఆ చురుకు తేలు కుట్టినట్టుండేది. ఇప్పుడు చీమ కుట్టినంత కూడా తెలియదు. ఆ పట్టీల కరెంటు మహిమ అలాంటిది! అందుకే మేడం బొటనవేలి మీదే చూపు నిలిపి, మీట నొక్కగానే కాలు ఎగరేస్తుంది.

ఈరోజూ మేడం నొక్కింది. భూమవ్వ చటుక్కున కాలు గుంజుకుని "అవ్వో!" అంది. కొంచెం ఎక్కువే చేసినట్టనిపించి పిక్క రుద్దుకుంది.

రోజారాణి ఆమె మొహంలోకి కాసేపు చూసింది. చీటీ రాసి చేతికిచ్చింది.

"ఇంకా తగ్గలేదక్కా. ఇంకో పది రోజులు రావాలె."

"వస్త మేడం. రాకుంటే ఎట్ల తగ్గుతది!"

సంబరంలో చీటీ వేళ్లలోంచి జారి బల్ల కిందికి పోయింది. భూమవ్వ దాని కోసం వంగింది.

బల్ల కింద, చురుకు పెట్టే మిషన్ తీగ గోడ ప్లగ్గులో లేదు. చుట్ట చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది, దాని మీద నెల రోజుల పసుపు దుమ్ము పేరుకుని ఉంది.