బెతెల్ విమానంలో సీటు

“క్యాన్సర్ కడుపు దాటి కాలేయానికి పాకింది. ఇక ఆపరేషన్‌తో పని లేదు,” అన్నాడు తెర మీది డాక్టరు, ఆంకరేజ్ పెద్దాస్పత్రి నుంచి. “పోయిన మార్చిలోనే ఎండోస్కోపీకి బెతెల్ ఆస్పత్రికి వెళ్ళమన్నాం. విమానం టికెట్టు కూడా మేమే తీశాం. ఆవిడ వెళ్ళలేదు.”

ఈవన్‌కి ఆ సంగతే తెలియదు. తల్లి వైపు తిరిగాడు.

“విమానంలో చోటు లేకపోయిందిరా,” అంది ఓలింకా క్లినిక్ మంచం మీంచి.

“టికెట్టుంటే చోటు లేకపోవడమేంటి?”

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

ఈవన్ డాక్టరు మీద విరుచుకుపడ్డాడు. “ఈ అలాస్కాలో తెల్లావిడైతే విమానం గుమ్మంలో దిగేది! ఈ రోగం మీవాళ్ళకి మొదట్లోనే దొరుకుతుంది. మా యుపిక్ తెగవాళ్ళకి శవపేటిక కొలతలు తీసేటప్పుడు దొరుకుతుంది!”



ఊరి క్లినిక్ చూసుకునే నస్తాసియా తెర ఆపేసింది. ఓలింకాకి సొంత చెల్లెలు. “కూర్చోరా. అమ్మ వింటోంది.”

“విననీ. ఎవరికిచ్చారు పిన్నీ ఆ సీటు?”

“ఇప్పుడెందుకురా అవన్నీ?”

“అంటే నీకు తెలుసన్నమాట!”

నస్తాసియా మందులు సర్దసాగింది. ఎవరికీ చెప్పనని అక్కకి మాటిచ్చింది మరి.

ఈవన్ గోడకున్న రేడియో మైకు అందుకున్నాడు. వేటాడిన సీల్ జంతువు మాంసం పంచాలన్నా, చావు కబురు చెప్పాలన్నా ఆ ఊళ్ళో అదే. ప్రతి వంటింట్లోనూ ఒకటి మోగుతూనే ఉంటుంది. మీట నొక్కాడు.

“అందరూ వినండి! పోయిన మార్చిలో మా అమ్మ సీట్లో బెతెల్ వెళ్ళిందెవడు? ఆస్పత్రికెళ్ళాల్సిన మనిషిని దించేసి షికారుకెళ్ళావా? మా అమ్మని చంపుతున్నది నువ్వే. నీ చేతి చేప ఈ ఊళ్ళో ఎవరూ ముట్టకుండా చేస్తా. దమ్ముంటే పేరు చెప్పు!”

మీట వదిలాడు. ఎప్పుడూ ఒకరి మాట మీద ఒకరు పడే ఊరు. ఒక్క గొంతూ పలకలేదు.

“సిగ్గులేని జనం! నువ్వు చెప్పు పిన్నీ.” మళ్ళీ మీట నొక్కి మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు. “ఊరంతా వింటోంది.”

“వద్దే చెల్లీ,” ఓలింకా ఏడ్చేసింది.

“చెప్పకపోతే వాడితో పాటు నువ్వూ హంతకురాలివే!”

నస్తాసియా కళ్ళు మూసుకుంది.

“బెతెల్‌లో బాస్కెట్‌బాల్ పోటీలకి సీటు దొరకలేదని తిండి మానేసి పడుకుంటే, ఎవరో మానుకున్నారని అబద్ధం చెప్పి మీ అమ్మ తన సీటిచ్చి పంపింది నిన్నేరా, ఈవన్.”