వెంట ఎవరొచ్చారు?

“వెంట మనిషి లేకపోతే మత్తివ్వం తాతగారూ. మత్తివ్వకుండా పేగులోకి కెమెరా గొట్టం వెయ్యం. ఎన్నిసార్లు చెప్పాలి?”

నర్సమ్మ గొంతు వరండా అంతా వినిపించింది. గోడ వారన కూర్చున్న పెద్దాయన తలెత్తలేదు. మావాళ్ళు దారిలో ఉన్నారమ్మా, వచ్చేస్తారు, అన్నాడు. నిన్నంతా ఏమీ తినకుండా, కడుపు ఖాళీ చేసే ఆ పాడు మందునీళ్ళు జగ్గులకి జగ్గులు తాగి వచ్చాడాయన. ఇప్పుడు వెనక్కి పంపేస్తే ఆ అవస్థంతా మళ్ళీ మొదటినుంచీ పడాలి.

ఎదురు బెంచీ మీద ఉన్న డ్రైవింగు మాస్టారికి ఆ అవస్థ బాగా తెలుసు. దారిలో ఉన్నారన్న మాట కూడా అతనికి కొత్త కాదు. చూడలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు. పక్కన అక్కయ్య చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, డాక్టరు గది తలుపు వైపే చూస్తోంది.

పెద్దపేగులో పుండ్లు. ఆమెకీ అదే, అతనికీ అదే. ఊళ్ళో ఏ వీధిలో మరుగుదొడ్డి ఎక్కడుందో వాళ్ళిద్దరికీ తెలిసినట్టు మునిసిపాలిటీకి కూడా తెలియదు. అక్కకీ తమ్ముడికీ ఒకే జబ్బంటే రక్తంలోనే ఉందన్నమాట, అనేది నర్సమ్మ. ముక్కులు చూడు, ఒకే అచ్చులో పోసినట్టు, అని వేళాకోళమాడేది. అతనికి గొట్టం వేసిన రోజు అక్కయ్య ఈ బెంచీ మీద కూర్చునేది, ఆమెకి వేసిన రోజు అతను. ఊరికి ఆ చివర ఆమె, ఈ చివర అతను, మధ్యలో రెండు బస్సులు. కలవడమంటూ ఉంటే ఇక్కడే. ఇంటికెళితే అతన్ని తిన్నావా అని అడిగే దిక్కు లేదు. రోజంతా పక్క సీట్లో ఎవరో ఒకరు కూర్చుంటారు గానీ, వాళ్ళ కళ్ళన్నీ రోడ్డు మీదే.

ఇవాళ ఇద్దరికీ గొట్టం లేదు. కిందటి నెల పేగులోంచి పరీక్షకి తీసిన ముక్కల ఫలితం వినడానికి వచ్చారు.

డాక్టరు ఇద్దర్నీ కలిపే పిలిచాడు. “కెమెరాకి కనపడేది పైపొర. సున్నం వేసిన గోడ చూడ్డానికి బాగానే ఉంటుంది. లోపల చెమ్మ ఉందా లేదా అన్నది ఆ ముక్కని మైక్రోస్కోపు కింద పెడితేగానీ తెలీదు. మళ్ళీ తిరగబెడుతుందేమో కాస్తో కూస్తో ముందుగా చెప్పేది అదే.”

అక్కయ్య పేగు లోపల కూడా శుభ్రంగా మానింది. తిరగబెట్టే అవకాశం చాలా తక్కువ, మాత్రలు మాత్రం ఆపకండి, కొన్నేళ్ళ దాకా గొట్టం జోలికి రానక్కర్లేదు, అన్నాడు. అతనిది పైకి మానింది, లోపల వాపు ఇంకా ఉంది. మందు మార్చాలి. ఆరు నెలల్లో మళ్ళీ గొట్టం వేసి చూడాలి.

“అక్కగారు ఉన్నారుగా, దిగులెందుకు?” అన్నాడు డాక్టరు.

అక్కయ్యకి మానినందుకు అతనికి నిజంగానే సంతోషమేసింది. తన పేగు సంగతి అంతగా పట్టలేదు. కానీ ఆరు నెలల తరవాత, వెంట ఎవరొచ్చారని నర్సమ్మ అడుగుతుంది. మానినవాళ్ళకి ఈ వరండాలో ఏం పని?

బయటికొచ్చి బెంచీ దగ్గర నిలబడ్డారు. “ఇక నీకీ బాధ వదిలిందక్కా,” అన్నాడు, నవ్వు తెచ్చుకుని. “రెండు బస్సులు మారి రానక్కర్లేదు.”

ఆమె పెద్దాయన వైపు చూస్తోంది. ఇక లేవండి, ఇంకొకరిని పిలవాలి, అంటోంది నర్సమ్మ. ఆయన గోడ పట్టుకుని లేస్తున్నాడు.

అక్కయ్య చరచరా వెళ్ళింది. “ఆగండమ్మా. ఆయన మా బాబాయి.”

నర్సమ్మ తెల్లబోయింది. “ఇందాకట్నుంచీ ఎదురెదురుగా కూర్చుని ఒక్క మాటా మాట్లాడుకోలేదే?”

“మాటల్లేవులెండి. ఇంటి గొడవలు.”

పెద్దాయన నోరు తెరిచాడు. అక్కయ్య ఆయన చేతిలోని సంచీ అందుకుని తన భుజానికి తగిలించుకుంది. ఆయన ఆమె మొహంలోకి చూసి, “నాదే తప్పమ్మా,” అన్నాడు.

“ఆ ముక్కు చూసి నేనప్పుడే అనుకున్నా,” అంటూ నర్సమ్మ ఆయన్ని లోపలికి తీసుకెళ్ళింది.

అక్కయ్య వచ్చి బెంచీ మీద కూలబడింది. “బాబాయి తేరుకునేసరికి సాయంత్రమవుతుంది. ఉంటావుగా?”

ఉంటానన్నాడు.

“నీ ఆరు నెలలకీ వస్తాను. డాక్టరు గొట్టం అక్కర్లేదన్నాడు గానీ, తోడు వెళ్ళొద్దనలేదుగా.”

అతను మూసుకున్న తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

తననీ ఆమె ఒకప్పుడు ఇలాగే, ఈ బెంచీ మీదే తమ్ముణ్ణి చేసుకుంది.