మనసు విప్పే గది

“మానసిక సమస్యలున్నవాళ్ళు చేతులెత్తండి!”

ప్రార్థన అవగానే మైకులో ప్రిన్సిపాల్ గారు ఆదేశించారు. హైస్కూలంతా బొమ్మల్లా నిలబడింది. ఒక్క చెయ్యీ లేవలేదు. వెనక వరసలో ఎవరో ముక్కు గోక్కోబోయి, భయపడి మానేశారు.

“చూశారుగా మేడమ్,” అన్నారాయన, కొత్తగా చేరిన కౌన్సెలర్ వైపు తిరిగి. “మన పిల్లలు బంగారం. ఎవరికీ ఏ సమస్యా లేదు.”

 పిల్లల మనసులు ఎలా తెరవాలో ఆమె చదువుకుంది గానీ, ప్రిన్సిపాళ్ళ నోళ్ళు ఎలా మూయాలో సిలబస్‌లో లేదు.

ఆమెకిచ్చిన గది అంతకుముందు ఆటసామాన్లది. బంతులు బయటికి పోయాయి, వాటి వాసన మాత్రం ఉండిపోయింది. తలుపు మీద ‘మనసు విప్పే గది’ అని రంగుల అక్షరాలు ఆమే అంటించింది. లోపల రెండు కుర్చీలు, ఒక టేబుల్, కన్నీళ్ళు తుడుచుకోవడానికి టిష్యూల పెట్టె.

వారం గడిచినా ఒక్కరూ రాలేదు. మనసు విప్పుకోవడానికి వచ్చినవాళ్ళని వరండాలో స్కూలంతా చూస్తుంది మరి! టిష్యూలు మాత్రం ఖర్చవుతూనే ఉన్నాయి, దుమ్ము తుడవడానికి కాబోలు.

ప్రిన్సిపాల్ గారు గదిలోకి తొంగిచూసి తేల్చేశారు.

“నెలాఖరుదాకా చూద్దాం మేడమ్. అప్పటికీ ఎవరూ రాకపోతే గది బంతులకే ఇచ్చేద్దాం. పాపం, అవి వర్షంలో తడుస్తున్నాయి.”

గదితోపాటు ఉద్యోగమూ పోతుందని విడిగా చెప్పలేదు. ఆయనకి సున్నితత్వం ఎక్కువ.

సోమవారం అద్భుతం జరిగింది. గది ముందు పిల్లలు వరస కట్టారు!

ఆ వరసలో కొంగని చూసి ప్రిన్సిపాల్ గారికి కళ్ళు తిరిగాయి. కొంగ అంటే తొమ్మిదో తరగతి పొడుగు కుర్రాడు.

“నవ్వుతూ సున్నాలు తెచ్చుకునే వెధవ్వి, నీకేం టెన్షన్‌రా?”

“పరీక్షలంటే భయం సార్,” అన్నాడు కొంగ, నవ్వుతూనే.

అప్పటికే లోపల పదో తరగతి లీడర్ కూర్చునుంది. చదువులో ఫస్టు, ఆటల్లో ఫస్టు. బాధల్లో మాత్రం ఎందుకు వెనకబడాలనుకుందో ఏమో!

“నిద్ర పట్టట్లేదు మేడమ్.”

“ఎప్పట్నుంచమ్మా?”

“ఎప్పట్నుంచంటే...” పిల్ల ఫ్యాను వైపు చూసింది, అదేమైనా అందిస్తుందేమోనని. “చాలా రోజుల్నుంచి. ఒంటరిగా అనిపిస్తుంది మేడమ్. మీకెప్పుడైనా అలా అనిపించిందా?”

పిల్లల నమ్మకం గెలవాలంటే మన అనుభవం కాస్త చెప్పాలని పుస్తకంలో ఉంది. కౌన్సెలర్ కాస్త చెప్పింది. కొత్త ఊరు, స్టాఫ్ రూమ్‌లో పలకరించే దిక్కు లేకపోవడం, ఇక్కడే ఒక్కర్తే కూర్చుని బాక్సు తినడం. ఆ కాస్తకీ పీరియడంతా పట్టింది. మధ్యలో మంచినీళ్ళ సీసా ముందుకు జరిపింది పిల్లే.

“మరి అలాంటప్పుడు ఏం చెయ్యాలి మేడమ్?”

“గట్టిగా ఊపిరి పీల్చి వదలాలి. నమ్మకమున్నవాళ్ళతో మాట్లాడాలి.”

“ఏదీ, ఒకసారి పీల్చి చూపించండి.”

ఇద్దరూ కలిసి పీల్చారు, వదిలారు.

“తేలిగ్గా ఉంది కదూ?” అంది కౌన్సెలర్, తేటపడిన మొహంతో.

“చాలా తేలిగ్గా ఉంది మేడమ్. రేపు లంచ్‌కి మా బెంచీ దగ్గరికి రండి.”

పిల్ల వెళ్ళింది. ‘ఎంత తొందరగా విచ్చుకుందో!’ అని కౌన్సెలర్ తన పనితనానికి తానే మురిసిపోయింది.

బయట లీడర్ తలుపు దగ్గరగా వేసి, కొంగని చెవి పట్టుకుని కిందికి వంచింది.

“ఒరేయ్, ఇప్పుడిప్పుడే నవ్వుతోంది, నీ పరీక్షల భయం ఎంతైనా సాగదీసుకో గానీ, మొన్న కిటికీలోంచి చూశాం చూడు, అలా ఒక్కర్తే కూర్చుని ఏడవకుండా బెల్లు కొట్టేదాకా మేడమ్‌ని మాట్లాడించు.”